ఏడవని పిల్ల

ప్రియమైన చిన్నదానికి, అమ్మ దీవెనలు.

తింటున్నావా? కిందటి ఉత్తరంలో ఆ మాట రాయలేదు, అప్పటినుంచి నా ప్రాణం కుదుటపడలేదు. మీ ల్యాబువాళ్లు చెప్పినట్టే మా ఆసుపత్రిలో పుట్టిన ప్రతి బిడ్డకీ మడమ మీద సూది గుచ్చుతున్నాం. కాలు నేను పట్టుకుంటాను, నర్సమ్మ గుచ్చుతుంది. కార్డు మీద సున్నాలు నెత్తురుతో నిండాక నీడన ఆరబెడతాను. మొన్న ఆడపిల్లను కన్న మెకానిక్ పెళ్లాం, నోరు పెద్దది, "ఆయమ్మా, పుట్టీ పుట్టగానే నెత్తురు తోడేస్తున్నారు. ఇది ఆసుపత్రా, దోమల కొంపా?" అంది. అందరం నవ్వాం.

పోస్టు సంచీ వానలో వదిలేయడం కళ్లారా చూశాను. అందుకే కార్డులు డబ్బాలో దాచి, నలభై అయ్యాక అంబులెన్సు డ్రైవరు చేతికే ఇస్తాను. బెంగపడకు, ఒక్కటీ తడవలేదు.

నీ అమ్మ

అమ్మకు,

నీ డబ్బాలోని కార్డులు ఈ రోజు పరీక్ష చేశాం. మెకానిక్ గారి పాపకు థైరాయిడ్ పని చేయడం లేదు. రోజూ చిన్న మాత్ర వేస్తే చాలు. కానీ పుట్టిన రెండు వారాల్లో మొదలుపెడితేనే బుర్ర సరిగ్గా ఎదుగుతుంది. ఆసుపత్రి ఫోను ఎవరూ ఎత్తడం లేదు. మాత్రలు, ఈ ఉత్తరం డ్రైవరుకే ఇచ్చి పంపుతున్నాను. డాక్టరుగారిని వెంటబెట్టుకుని వెంటనే వెళ్లు. ఇకమీదట ఏ రోజు కార్డులు ఆ రోజే పంపు.

నీ చిన్నది

నా తల్లీ,

వెళ్లాం. పాపకు డెబ్బై రెండు రోజులు. "చూడు ఆయమ్మా, అసలు ఏడవదు! మా వీధిలో ఇంత బుద్ధిమంతురాలు లేదు" అని వాళ్లమ్మ మురిసిపోతోంది. పాప నాలుక బయటికి వచ్చి ఉంది, ఒళ్లు చల్లగా తగిలింది. ఏడవకపోవడం కూడా ఆ జబ్బు గుణమేనని డాక్టరు నా చెవిలో చెప్పి, మాత్ర నూరి, పాలలో కలిపి పట్టించాడు. ఆమె నా చేతులు పట్టుకుని, "మీ అమ్మాయి దేవత" అంది.

రెండు వారాలన్నావు. ఆ కార్డు నా డబ్బాలో నెల పైన ఉంది. నేనే కదూ చేసింది? దాచకుండా రాయి. ముద్ద దిగడం లేదు.

అమ్మ

అమ్మా,

నీ వల్ల కాదు. పరీక్ష మిషన్లో పోసే మందు ఓడరేవులో చిక్కుకుపోయి మా ల్యాబు రెండు నెలలు మూతబడింది. నువ్వు రోజూ పంపినా కార్డులు నా బీరువాలోనే పడి ఉండేవి. ఈ సంగతి తెలిస్తే అన్ని ఆసుపత్రులూ పరీక్ష మానేస్తాయని మేం ఎవరికీ చెప్పలేదు. నీకు కూడా. ఇప్పుడొచ్చిన మందు మూడు వారాల పరీక్షలకే సరిపోతుంది. ఆ తర్వాత సంగతి తెలియదు.

చిన్నది

చిన్నదానికి,

నా తప్పు కాదన్నందుకు ఊరట కలగాలి. కలగలేదు. నేనొక్కదాన్నే అయితే బుద్ధి తెచ్చుకుని దిద్దుకునేదాన్ని. మీ అందరినీ ఎవరు దిద్దుతారు?

మెకానిక్ ఇంటికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను, నా డబ్బా, నీ బీరువా, రెండూ. అరుస్తుందనుకున్నాను. అంత నోరున్న మనిషీ గొంతు తగ్గించి, "ఎంత పోయింది ఆయమ్మా?" అంది. మాటలు వచ్చే వయసు దాకా తేలదన్నాడు డాక్టరు. అదే చెప్పాను.

ఆమె పాపను ఒళ్లో పడుకోబెట్టుకుని, చెవి దగ్గర నోరు పెట్టి, "అమ్మ అను, అమ్మ అను" అంటూ కూర్చుంది. రెండున్నర నెలల పిల్లను.

నీ అమ్మ