కాటా మీద నా మనవరాలు

మంగళవారం రాత్రి, మిరప కోతల రోజులు

నాకు అక్షరం రాదు కనుక నేను చెబుతుంటే నా మనవరాలు జ్యోతి రాస్తోంది. గొడవంతా ఈ పిల్ల గురించే.

నిన్న బళ్లో ఆరోగ్య పాఠమని పిల్లలందరినీ తూచి, జ్యోతి బరువు ఎక్కువని టీచరు అందరి ముందూ చదివింది. అప్పటినుంచి పిల్లలు దీన్ని "మిరపకాయల టిక్కీ" అంటున్నారట, అంటే కూరి కుట్టిన బస్తా అని. ఇది అన్నం ముట్టడం లేదు.

బడి కాటా తప్పనుకుని ఇవాళ దీన్ని మా పంట కొనే షావుకారు కొట్లో మిరపకాయలు తూచే కాటా మీద నిలబెట్టాను. గుమస్తా అలవాటు కొద్దీ గోనెసంచికీ తేమకీ తరుగు తీసేసి చెప్పాడు. ఏటా ఆ తరుగు మీదే వాళ్లతో పోట్లాడే నేను, తక్కువ లెక్క విని ఒక్క క్షణం సంతోషించాను. వెంటనే సిగ్గేసింది.

"ఏరా, నా మనవరాలికి గోనెసంచి ఎక్కడుందిరా? సరిగ్గా చెప్పు!"

"తరుగు తీస్తే ఈసారి మీకే లాభం గదా మామ్మా!" అని నవ్వాడు.

సరిగ్గా చూస్తే బడి కాటా చెప్పిందే వచ్చింది.

అటునుంచి అటే బడికి వెళ్లాను. "మీ తూకం నిజమేనండీ. పూటపూటా అరిసెలూ జంతికలూ పెట్టింది నేను. నన్ను పిలిచి తిట్టాలిగానీ, పిల్లని నలుగురిలో నిలబెడతారా?" అన్నాను.

టీచరు తల దించుకుంది. "తప్పేనండీ. చిరుతిళ్లు తగ్గించండి, అన్నం మాత్రం మానిపించకండి," అంది.

ఇంటికొచ్చి పప్పన్నం కలిపి దీని ఎదురుగా పెట్టాను. చల్లారిపోతోంది. తూకం ఎంతో రాయమంటే, "వద్దు నాయనమ్మా," అని ఆగిపోయింది.

రాయొద్దులే తల్లీ. ఆ కలం పక్కన పెట్టి, నోరు తెరువు.