అమ్మ తెర మీద నా చేతులు

జూన్ 3
మంచం మీదే. ఏడో నెల, బస్సెక్కొద్దన్నారు డాక్టరు. తొలి కాన్పుకు పుట్టింటికి పోవాల్సినదాన్ని, ఎమ్మిగనూరు ఇంత దగ్గర పెట్టుకుని ఆదోనిలో గోడలు చూస్తూ పడున్నాను.

అమ్మకు చెవులు వినపడవు. మా మాటలన్నీ చేతులతోనే, ఇంట్లో మేం కల్పించుకున్న సైగలు. చిన్న ఫోన్‌లో నా వేళ్లు ఆమె కంటికి ఆనవు. అందుకే నా పాత ల్యాప్‌టాప్ పంపించాను. సిమ్ దాన్లోనే. విండోస్ తీసేసి లైనక్స్ ఎక్కించింది నేనే.

జూన్ 5
వీడియో కాల్ మళ్లీ తెగింది. కాసేపు బాగుంటుంది, ఆపైన సిమ్‌తో నెట్ పట్టే లోపలి మోడెమ్ మూగబోతుంది. ల్యాప్‌టాప్ ఆపి మళ్లీ వేస్తేనే లేస్తుంది. తమ్ముడు రఘు పొద్దున్నే మగ్గాల షెడ్డుకు పోతాడు. అమ్మకు అది చేతకాదు.

జూన్ 9
లైనక్స్‌కు గుండెకాయలాంటి కెర్నల్‌ను రాసేవాళ్ల మెయిల్ గుంపులో వెతికాను. ముక్కూ మొహం తెలియని మనిషెవరో ఈ మోడెమ్‌ను నడిపే డ్రైవర్ ప్రోగ్రామ్ సరిచేస్తున్నాడు. మా గోడు మొత్తం రాసి పంపాను. జవాబు — తర్వాతి కెర్నల్‌లో వస్తుంది, ఓపిక పట్టండి. ఊరికే చేసిపెట్టే మనిషిని ఏమని తిట్టేది... తిట్టాను, లోలోపల.

జూన్ 14
మధ్యాహ్నం అమ్మతో మాట్లాడుతుంటే అత్త పిలిచింది. అరచెయ్యి ఎత్తి "ఉండు" అన్నాను. సరిగ్గా అప్పుడే అక్కడ మోడెమ్ పోయింది. నా బొమ్మ అట్లాగే నిలిచిపోయింది, చెయ్యెత్తుకుని.

సాయంత్రం రఘు ఫోన్. "అక్కా, నువ్వు ఉండమన్నావంట. అమ్మ ఆడనే కూర్చోనుంది. బువ్వ గూడ తినలా."

మగ్గానికి కండెలు కూడా చుట్టలేదట. నూలు అట్లాగే ఉందట. నా మాట ఆమె ఎన్నడు కాదంది కనక. చాలాసేపు ఏడ్చాను.

జూన్ 15
ఇకమీదట "ఉండు" అనను.

జూన్ 21
కెర్నల్ ఇంకా రాలేదు. మా ఆయన హరి మాత్రం, ఇంక లైన్ తెగనే తెగదని రఘుతో చెప్పేశాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం. "సూలుందిలే" అని నవ్వుతాడు.

జూలై 2
వచ్చింది! రఘు ఫోన్ చెవిలో పెట్టుకుని నేను చెప్పింది చెప్పినట్టు టైపు చేశాడు. "అక్కా, ఏందో తెల్లగా పరిగెత్తాండాది." పరిగెత్తనీ రా.

జూలై 3
తెగలేదు. మధ్యాహ్నమంతా. అమ్మ కండెలు చుట్టుకుంటూ మధ్యమధ్యలో తలెత్తి నన్ను చూస్తుంది. మాటలేం లేవు. బిడ్డ తన్నితే పొట్ట చూపించాను. తెర మీద చెయ్యి పెట్టింది.

ఆ తెలియని మనిషికి రాయబోయాను. "మా అమ్మ" అని మొదలుపెట్టి, చెరిపేసి, "పనిచేస్తోంది, సంతోషం" అని పంపించాను.

జూలై 6
రఘుకు సెలవు, ఇంట్లోనే ఉన్నాడు. నేనేదో చెప్తుంటే అమ్మ రెండు చేతులూ తిప్పింది — పోయింది, నువ్వు పోయినావు. మళ్లీ మోడెమేనా. రఘుకు ఫోన్ చేసి, ఆపి మళ్లీ వెయ్యమన్నాను.

"ఎందుకక్కా? బాగనే కనపడతాండావు. సేతులు గూడ కదుల్తాండాయి."

నేను చెయ్యి ఊపి చూపించాను, అమ్మ మళ్లీ అదే సైగ చేసింది.

"అమ్మకే కనపడ్డం లేదేమో," అన్నాడు. రేపు కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోతాడట.

అమ్మ ల్యాప్‌టాప్‌ను మొహం దగ్గరికి లాక్కుంది. తెర నిండా ఆమె కళ్లు, నన్ను వెతుకుతూ. నేను చేతులు దించలేదు. ఇక్కడే ఉన్నానమ్మా, ఇక్కడే... అని చెప్తూనే ఉన్నాను.