బండి వెనక సీటు

బావమరిదికి,

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. మీ అక్క ఇంకా బాగుంది.

నా మోటార్‌సైకిల్ పాత సీటును నీ కొట్టు ముందు బెంచీలా వేసుకున్నావు కదా, అది వెంటనే పంపించు. ఎవరైనా కూర్చుని ఉంటే లేపి మరీ పంపించు.

నాలుగు నెలలు షెడ్డులో పడి ఆ బండి రూపం మార్చాను. వెనక ఫ్రేము కోయించి, ఒంటి సీటు బిగించాను. మీ అక్క చుట్టూ తిరిగి చూసి, "మరి నేనెక్కడ కూర్చోవాలి?" అంది. కాస్త గొప్పకు పోయి, "ఇది నడిపేవాళ్లొక్కరికే" అన్నాను. ఆ తర్వాత రోజూ గంట ఆలస్యంగా ఇంటికొస్తుంటే అలిగిందనుకున్నాను. బండి నేర్చుకుంటోందని లైసెన్సు చూపించాకే తెలిసింది.

వారం నుంచి తను ఆ బండి మీదే ఆఫీసుకు వెళుతోంది. బస్టాపు దాకా దింపమని నిన్న అడిగితే, "మీరెక్కడ కూర్చుంటారు?" అంది.

కోసిన ఫ్రేము మళ్లీ అతికిస్తానని వెల్డరు ఒప్పుకున్నాడు. ఒక్క సంగతి మాత్రం చూసి రాయి. ఆ సీటు వెనకవైపు మెత్తగానే ఉందా? పదిహేనేళ్లు అక్కడ కూర్చున్నది మీ అక్క. తనను అడిగే ధైర్యం నాకు లేదు.

మీ బావ