జమ్మిచెట్టూ, హ్యాండ్‌బ్యాగూ

శనివారం రాత్రి, బుకిట్ బటోక్

పిల్లల్ని కాపాడుకోవడానికి ఆయుధం పట్టడం పాపం కాదని ఇవాళ ప్రవచనంలో గొంతు చించుకుని చెప్పాను. అందరూ వెళ్ళాక సునీత ఆగింది. వచ్చే నెల ఆఫీసువాళ్ళు ఆమెను టెక్సస్ పంపుతున్నారు. భర్త ఇక్కడే ఉంటాడు. అక్కడ ఇంట్లో తనూ, నాలుగేళ్ళ కూతురు ఆద్యా, అంతే.

ఫోనులో రెండు పిస్టళ్ళ ఫొటోలు చూపించింది.

"అంకుల్, పెద్దది నడుముకి కట్టుకోవాలంట. చిన్నదైతే హ్యాండ్‌బ్యాగ్‌లో పడిపోద్ది, ఎవరికీ కనపడదు. ఏది కొనమంటారు?"

ఈ దేశంలో తూటా ఒక్కటి దొరికినా జైలే. తుపాకీ ముట్టినవాణ్ణి కాను. అయినా అడిగాక ఊరుకోలేను.

"పాండవులు అజ్ఞాతవాసానికి వెళ్తూ ఆయుధాలు జమ్మిచెట్టు మీద పెట్టారమ్మా. ఎవరూ దగ్గరికి రాకుండా పక్కనే శవాన్ని కట్టారు. దాచడమంటే అదీ!"

"బాగుంది. దొంగొచ్చాక చెట్టెక్కమంటారా?" అని నవ్వింది.

"మమ్మీ, బిస్కెట్ నో మోర్ లా!" అంది ఆద్య, బిస్కెట్లు అయిపోయాయని ఇక్కడి పిల్లల ఇంగ్లీషులో. మోచేతి దాకా తల్లి హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టి వెతుకుతోంది.

సునీత నవ్వు ఆగిపోయింది.

"అయితే నడుముకేనా అంకుల్?"

"నిద్రపోయేటప్పుడో?"

సునీత ఆద్య చేతిని బ్యాగులోంచి బయటికి తీసింది. తర్వాత నెమ్మదిగా, "నా చేతికి క్షణంలో అందాలి, దీని చేతికి ఎప్పటికీ అందకూడదు. అలాంటి చోటు చెప్పండి అంకుల్," అంది.

జవాబు కోసం రేపు ఫోన్ చేస్తుంది. భోజనమయ్యాక గ్రంథం తీసి ఆ ఘట్టం మళ్ళీ చదివాను. అజ్ఞాతవాసంలో పాండవుల వెంట పిల్లలు లేరు.