పిట్టలు చూడబోయిన హోలీ

భివండి,
హోలీ తర్వాతి ఆదివారం.

తమ్ముడు రాజేశానికి,

నీ అన్న మొగిలి దీవించి రాసేది. నేను బాగానే ఉన్నాను. మీరంతా ఎట్లా ఉన్నారు? హన్మకొండ దవాఖానలో ఇచ్చిన మందుతో అమ్మ మోకాళ్లు నయమయ్యాయా? నాయన బీడీలు తగ్గించాడా? ఎర్రావు ఈనిందా? అన్నీ వివరంగా రాయి. నా గురించి ఫికర్ పడొద్దు. తిండికి లోటు లేదు. భోజనం పెట్టే అనసూయక్క మన దిక్కు మనిషే, వారానికొకసారి జొన్నరొట్టె చేస్తుంది. పచ్చిపులుసు మాత్రం అమ్మ చేసినట్టు ఎవరికీ రాదు. అప్పుడే ఉక్కపోత మొదలైంది, గదిలో ఎనిమిది మందిమి.

ఉగాది పోగానే రేకుపెట్టె సర్దుకొని ఇక్కడికి పనికి వస్తానని రాశావు. రమ్మన్నది నేనే. దానికి జవాబు చెప్పేముందు హోలీ నాటి సంగతి చెప్పాలి. నిమ్మళంగా చదువు.

ఆ రోజు కార్ఖానాలో సాంచెలు, అంటే మా కరెంటు మగ్గాలు, బంద్. ఇక్కడి తెలుగు బడిలో సుదర్శనం సారు అని ఒకాయన ఉన్నాడు. సెలవు దొరికితే దుర్భిణి మెడలో వేసుకొని సముద్రం ఒడ్డుకు పిట్టల్ని చూడబోతాడు. "రంగులల్ల మునిగి ఏం జేస్తరు, నాతోని రాండ్రి" అని నన్నూ, నా గదిలో ఉండే ఎల్లయ్యనూ తోలుకుపోయాడు. ఎల్లయ్య వర్ధన్నపేట వాడే, నిరుడు వచ్చాడు.

పొద్దున్నే బస్సు దిగి ఉప్పుమళ్ల గట్ల మీద నడిచాం. నీళ్లు వెనక్కి పోయి కనుచూపు మేరా బురదే. దాని మీద పిట్టలు తమ్ముడూ, వాకిట్లో వడ్లు ఆరబోసినట్టు! దూరంగా గులాబీ రంగు రెక్కల రాజహంసలు, పొడుగు కాళ్లు, వంకర ముక్కులు. "ఎండలు ముదిరితె ఇండ్ల సగం ఎల్లిపోతయి, ఇయ్యాల్నే సూడుండ్రి" అన్నాడు సారు.

నాకు పటేలు జొన్నచేను యాదికొచ్చింది. మంచె మీద మనిద్దరం వడిసెల పట్టుకొని కావలి కాసేవాళ్లం కదా. నేను కళ్లు మూసుకొని, ఇది పిగిలిపిట్ట, అది గిజిగాడు అని అరుపును బట్టే చెబితే, నువ్వు నమ్మక దిగి పరుగెత్తి చూసొచ్చేవాడివి. ఒక్కసారీ తప్పు పట్టలేకపోయావు. ఆ గొప్పంతా సారుకు చెప్పాను.

"అట్లనా! అయితె ఇప్పుడు మూస్కో కండ్లు. ఎన్ని తీర్ల అరుపులు వినవడ్తానయో చెప్పు."

మూసుకున్నాను. గాలి చప్పుడు. ఒక కాకి.

"కాకొక్కటే సారూ."

ఎల్లయ్య పకపకా నవ్వాడు. "పరాష్కాలాడుతాండు సారూ. అగో, సీటీలు ఊదినట్టు ఎంత లొల్లి జేస్తానయి!"

కళ్లు తెరిచాను. పది అడుగుల దూరంలో చిన్న ఉల్లంకిపిట్ట నిలబడి ఉంది. ముక్కు తెరుస్తోంది, మూస్తోంది, గొంతు కింది ఈకలు వణుకుతున్నాయి.

"అది అరుస్తాందా ఎల్లయ్యా?" అని అడిగాను.

ఎల్లయ్య నవ్వు ఆగిపోయింది. సారు దగ్గరకొచ్చి భుజం మీద చెయ్యేశాడు. "సాంచెల మీద ఎన్నేండ్లాయె?"

"ఏడేండ్లు సారూ."

ఆయన దుర్భిణి తీసి నా మెడలో వేశాడు. కాసేపటికి రాజహంసలన్నీ ఒక్కసారి లేచాయి. ఆకాశం సగం ఎర్రబడింది. అద్దాల్లో కళ్లు మసకబారి సరిగా చూడలేకపోయాను.

పోయిన దసరాకు ఇంటికొచ్చినప్పుడు అమ్మ వెనకనుంచి పిలిస్తే నేను పలకలేదనీ, "పట్నం పోయి కొడుకు మారిండు" అని ఏడ్చిందనీ నువ్వు రాశావు గుర్తుందా? అప్పుడు నీ మీద కోపం వచ్చింది. అమ్మ పిలవనే లేదనుకున్నాను.

సారే నన్ను డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. సాంచెల రొదకు పోయిన వినికిడి తిరిగి రాదట, మిగిలింది కాపాడుకోవాలట. సేఠును అడిగి, గుడ్డ మడతలు పెట్టే గోదాముకు మారాను. కూలి తక్కువే, కానీ అక్కడ మనుషుల మాట వినిపిస్తుంది.

నువ్వు రావొద్దు తమ్ముడూ. "నువ్వు మాత్రం పోయినవ్, నన్ను ఆపుతానవ్" అంటావు, తెలుసు. అను. ఏడేళ్ల కింద నన్నెవరూ ఆపలేదు, ఆపాలని ఎవరికీ తెలియదు. నాకు తెలిసింది. వరంగల్ ఐటిఐలో కరెంటు పని కోర్సుకు ఫారం పెట్టు. ఫీజు సంగతి నేను చూసుకుంటాను.

ఈ ఉత్తరం అమ్మకు చదివేటప్పుడు చెవి సంగతి దాటవెయ్యి. పిట్టల సంగతి, సముద్రం సంగతి చదువు. నాయనతో నేనే చెబుతాను. పిలిచినా పలకలేదని అమ్మ ఇంకా బాధపడుతుంటే, కార్ఖానా రొద తలలో ఉండి వినలేదట అని చెప్పు. అది అబద్ధం కాదు.

అమ్మకూ నాయనకూ నా దండాలు. వాళ్ల దీవెన ఉంటే చాలు. కాజీపేట మామనూ, అత్తమ్మనూ అడిగానని చెప్పు. వైశాఖంలో పదిరోజులు వస్తున్నాను. స్టేషన్లో కలిసినప్పుడు నా ఎడమ పక్కన నడువు. ఆ చెవి ఇంకా నయం.

నీ అన్న,
మొగిలి