కొండెక్కని కారు

మార్చి 3, ఆదివారం

నిన్ను నమ్మి చెప్పుకున్న మాటను నలుగురిలో బయటపెట్టావా ఎప్పుడైనా? చెప్పు. తల తిప్పుకోకు.

ఇరవై రెండేళ్లుగా చర్చిలో మైకు పట్టుకుని జనాన్ని ఇలాగే నిలదీస్తున్నాను. ఇవాళ నన్ను నేను అడుగుతున్నాను. బయటపెట్టాను. ఆగస్టులో. మా ఆవిడ గిన్నెలు తోముతూ, ఈమధ్య ప్రార్థన చేస్తుంటే అవతల ఎవరూ విననట్టే ఉంటోందండీ అంది. నాకొక్కడికే చెప్పింది. ఆదివారం దాన్నే ప్రసంగంలో పెట్టాను. ఒక స్త్రీ అన్నానే గానీ పేరు చెప్పలేదు. అయినా తలలన్నీ ఆమె కూర్చున్న మూడో వరసకేసి తిరిగాయి. మర్నాడే ఆమె కొండమీది ఊళ్లో వాళ్లక్క దగ్గరికి వెళ్లిపోయింది.

ఏడు నెలలు.

మార్చి 5, మంగళవారం

వదిన ఫోన్ చేసింది. ఆమెకు ఎక్కడో దూరాన హాస్టల్ వార్డెన్ ఉద్యోగం వచ్చిందట. రెండేళ్ల కాంట్రాక్ట్. పదహారో తేదీ మధ్యాహ్నం బస్సుకి ప్రయాణం. నా గురించి ఏమైనా అడిగిందా అన్నాను. మీ గురించి కాదు మరిదిగారూ, కారు బాగుందా అని అడిగింది అంది.

కారు వాళ్ల నాన్నది. వయసులో నాకన్నా రెండేళ్లు పెద్దది. ఇంట్లో పది మాటలు మాట్లాడని మా ఆవిడ ఆ స్టీరింగ్ పట్టుకుంటే చాలు, గలగలా మాట్లాడేది. ఆ కారులోనే వెళ్తాను.

మార్చి 6, బుధవారం

కొండ దారిలో నాలుగో మలుపు దగ్గర ఇంజన్ మరిగింది. వేడి చూపే ముల్లు ఎరుపులోకి పోయింది, బానెట్ సందుల్లోంచి ఆవిరి. చల్లారేదాకా గంటన్నర రోడ్డు పక్కన రాయి మీద కూర్చున్నాను. గ్రంథం తెరిచాను. ఒక్క అక్షరం బుర్రకెక్కలేదు. వెనక్కి దిగొచ్చాను.

సీటు ఇంకా ఆమె జరుపుకున్న చోటే ఉంది. నా మోకాళ్లు స్టీరింగ్‌కి కొట్టుకుంటున్నాయి. వెనక్కి జరపబుద్ధి కాలేదు.

మార్చి 8, శుక్రవారం

మెకానిక్ ఈ కారుని ఆమె తండ్రి కాలం నుంచీ ఎరుగును. రేడియేటర్ కడిగితే టీ రంగు నీళ్లొచ్చాయి. ఏంటయ్యగారూ, దీనికి కూడా నరకం గురించి చెప్పారా ఏంటి, ఇలా సలసలా కాగిపోతోంది అన్నాడు. నేను నవ్వలేదు. థర్మోస్టాట్ మార్చాడు. ఫ్యాన్ బెల్ట్ బిగించాడు. బస్సులో పోతే రెండు గంటలేగా అని గొణిగాడు. ఆమె అడిగింది ఈ కారు గురించి అన్నాను.

మార్చి 10, ఆదివారం

మళ్లీ నాలుగో మలుపే.

మార్చి 11, సోమవారం

ఇది శిక్షే. ఆమె వెళ్లాకే కదా ఈ ఇంజన్ ఇలా మొదలుపెట్టింది! రోజూ పొద్దున్నే బానెట్ ఎత్తి నీళ్లు చూసేది. నేను తల తుడుచుకునే తువ్వాలుతో రేడియేటర్ మూత తిప్పేది. అది నా తువ్వాలు అని రోజూ అరిచేవాణ్ణి. ఇప్పుడు ఆ తువ్వాలు మడత కూడా విప్పలేదు. నా అరుపులు ఎవరిక్కావాలి?

మార్చి 13, బుధవారం

మెకానిక్ కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, ఎదురుగా నిలబడి, ఇంకేం చెప్పాలండీ, ముక్కు మూసి పరిగెత్తమంటే ఎవరు పరిగెడతారు అన్నాడు.

బోర్డు. ముందు జాలీకి అడ్డంగా నేనే బిగించిన రేకు బోర్డు. మారుమనస్సు పొందండి అని ఎర్రటి అక్షరాలు. ఆమె ఉన్నన్నాళ్లూ పెట్టనివ్వలేదు, బండికి గాలాడదండీ అనేది. వెళ్లిన వారానికే బిగించాను.

మరి మొదటిరోజే చెప్పొచ్చుగా అని మీద పడ్డాను. చూశానయ్యగారూ, ముట్టుకుంటే వచ్చే ఆదివారం నామీద ప్రసంగం ఉంటుందని నోరు మూసుకున్నాను అన్నాడు.

మరలు నేనే విప్పాను.

మార్చి 14, గురువారం

బోర్డు లేకుండా అయిదో మలుపు దాటాను. ఆరో మలుపులో ముల్లు మళ్లీ లేచింది. దిగొచ్చేశాను. అంత పొడుగు కొండ ఎక్కడానికి ఇది ముసలిదండీ, హీటర్ పూర్తిగా తిప్పండి అన్నాడు మెకానిక్. ఇంజన్ వేడిని లోపలికి లాగుతుందట. మీరు ఉడుకుతారు, బండి ఉడకదు, మీ మామగారు మీ ఆవిడగారికి నేర్పింది ఇదే అన్నాడు.

ఆమె అలా చేయడం నాకు తెలుసు. నిండు ఎండల్లో, ఆ కొండ ఎక్కేటప్పుడు హీటర్ పెట్టి, చెమటలు కారుతూ నడిపేది. బుద్ధి లేదా అని తిట్టేవాణ్ణి. ఎందుకని ఒక్కసారీ అడగలేదు. ఆమె నవ్వి, మీ వైపు అద్దం దించుకోండి అనేది.

మార్చి 16, శనివారం. ఉదయం 10.20

ఏడో మలుపు. పైన ఊరి ఇళ్లు కనిపిస్తున్నాయి. చొక్కా తడిసి ముద్దయింది. ముల్లు మధ్యలోనే ఉంది, ఆవిరి లేదు. ఆగింది కారు కాదు. నేను.

మైకు ఇస్తే రెండు గంటలు ఆగని నోటికి ఒక్క మాట రావడం లేదు.

మాట దొరికాక వెళ్దామనుకోకు. రాయడం ఆపు. తాళం తిప్పు. ఆమె బస్సెక్కేలోపు, ఈరోజే, ఇప్పుడే, వెళ్లు.