డకు గుడిస్తే

పొన్నతిప్ప,
జూన్ 9, ఆదివారం

ప్రియమైన నాన్నగారికి,

మీ ఆరోగ్యం ఎలా ఉందని అడిగి మొదలుపెట్టాలని నాలుగు కాగితాలు చింపేశాను. అడగలేకపోతున్నాను. ఫోన్ చేస్తే వదిన స్పీకర్ పెట్టి ఇంటిల్లిపాదినీ పిలుస్తుంది, ఇది అందరూ వినే మాట కాదు. అందుకే ఉత్తరం. ఒక్కరే కూర్చుని చదవండి.

మొన్న శుక్రవారం మండలాఫీసు రికార్డు గదిలో మీ చేతిరాత చూశాను. మీరు ఈ ఊళ్ళో వి.ఏ.ఓ.గా ఉన్నప్పటి అడంగల్, ఊరి భూముల లెక్క పుస్తకం అది. మా సంస్థ ఇక్కడ ఏం చేస్తోందో మీకు తెలుసు. రొయ్యల చెరువులు తెగుళ్ళొచ్చి పాడుపడ్డాయి, పాయలో పీత కనబడటం లేదు, సముద్రం ఏటికేడు ముందుకొస్తోంది. చెరువు గట్లు తెంచి, చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వితే పోటు నీళ్ళు లోపలికొస్తాయి, మడ మొక్కలు నిలుస్తాయి, వాటి వేళ్ళ మధ్య పీత పెరుగుతుంది. అడవి ఊరికి అడ్డం, పీత వాళ్ళ బతుక్కి ఆధారం. ఆ నేలకి పట్టాలున్న ముప్ఫై ఒక్క కుటుంబాలవాళ్ళూ రెండేళ్ళ నా పోరు పడలేక చివరికి ఒప్పుకున్నారు. అందరికంటే ముందు ఒప్పుకున్నది చిట్టెమ్మగారు, తొంభై ఆరు తుఫానులో వేటకెళ్ళిన భర్త తిరిగిరాని మనిషి. పని మొదలుపెట్టే ముందు పాత రికార్డు నకలు కావాలన్నారు. అది తెచ్చుకుందామని వెళ్ళాను.

ఏడు సర్వే నంబర్లు, ప్రభుత్వ భూమి. భూమి తీరు అన్న గడిలో ఏడుచోట్లా 'మడి' అని ఉంది. మోకాలిలోతు ఉప్పు బురదలో వరి మడి ఏంటని ముందు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఆ పేజీ తుఫానులో తడిసింది నాన్నగారూ. మీ అక్షరాలన్నీ అలుక్కుపోయి ఉన్నాయి. డ మీద గుడి మాత్రం అలుక్కోలేదు. ఏడు గుడులూ నిన్న పెట్టినంత శుభ్రంగా ఉన్నాయి. అంటే పేజీ ఆరాక పెట్టినవి. అవి తీసేసి చదివితే 'మడ'. ఎవరో మడకి గుడి పెట్టి మడి చేశారు. వరి భూమి అని చెప్పి పట్టాలిచ్చారు. రెండేళ్ళు తిరక్కుండా రొయ్యల చెరువుల లీజుదారులు పొక్లెయిన్లు దింపి చెట్టన్నది లేకుండా పీకేశారు.

ఆ రోజుల్లో ఆ పుస్తకం ఎవరి దగ్గరుందో నాకు తెలుసు. ఆఫీసు కప్పు ఎగిరిపోతే మీరే ఇంటికి మోసుకొచ్చారు. 'పెళ్ళాం పిల్లల్ని గాలికొదిలేసి పుస్తకాలు చంకనెట్టుకొచ్చిన మహానుభావుడు' అని అమ్మ చచ్చిపోయేదాకా దెప్పింది. ఆ మరుసటేడే మీరు తణుకులో స్థలం కొన్నారు. ఈ వాక్యం రాయకుండా ఉండలేను.

నేను ఈ సంగతి బయటపెడితే పట్టాలన్నీ రద్దవుతాయి. నేలకి కంచె పడుతుందేమో, వీళ్ళు పీతలకి దిగితే నేరమంటారేమో. బయటపెట్టకపోతే దొంగ కాగితం మీద అడవి పెంచినదాన్నవుతాను. వచ్చే అమావాస్య పోటుకి గట్టు తెంచాలని అనుకున్నాం. రెండేళ్ళుగా ప్రతి మీటింగులోనూ 'మీ తాతల నాటి మడని నాశనం చేసినవాడు ఎవడో గానీ బాగుపడడు' అని గొంతు చించుకుంటున్నాను. వాళ్ళు చప్పట్లు కొట్టేవారు. ఆ శాపం మా నాన్నకే పెడుతున్నానా?

ఎందుకు చేశారు? అదొక్కటి చెప్పండి.

మీ కూతురు,
హేమశ్రీ


తణుకు,
జూన్ 18

చిరంజీవి హేమకి నాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చుని చదివాను. మీ వదిన రెండుసార్లు పైకొచ్చి బీపీ బిళ్ళ వేసుకున్నారా అని అడిగి వెళ్ళింది. వేసుకున్నానని అబద్ధం చెప్పాను.

ముందు స్థలం సంగతి. మొగల్తూరులో మీ అమ్మకి పుట్టింటివాళ్ళు రాసిచ్చిన అరెకరం అమ్మి కొన్నాం. దస్తావేజులు బీరువాలో ఉన్నాయి, వచ్చి చూసుకో. ఈ మాట కోపంగానే రాస్తున్నాను.

ఇక రికార్డు. ముప్ఫై ఏళ్ళు రెవెన్యూలో పనిచేసినవాణ్ణి, నేను కూడా ఆ పేజీని ఇంత నిదానంగా చూసి ఉండను. అన్నీ సరిగ్గా పట్టుకున్నావు. ఆ చెయ్యి ఎవరిదన్న ఒక్క దగ్గరే పొరబడ్డావు.

తుఫాను పోయాక కరెంటు లేదు. తడిసిన పుస్తకాలన్నీ వసారాలో పరిచాం. మీ అమ్మ కుంపటి పక్కన పెట్టుకుని పేజీ పేజీ విప్పి ఆరబెట్టేది. బడిలో జనం తలదాచుకున్నారు కాబట్టి నీకు చదువు లేదు, ఇంట్లో నేనే గుణింతం చెప్పేవాణ్ణి. అప్పుడు నీకు ఐదేళ్ళు. 'కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి' అని ఇల్లంతా అరుస్తూ తిరిగేదానివి. పలక వరదలో పోయింది. గోడలు, తలుపులు, నా చొక్కా జేబు, వేటినీ వదల్లేదు నువ్వు. ఒకరోజు నేను రేవులో శవాల పంచనామా చేయించి వచ్చేసరికి, వసారాలో పుస్తకం ముందు బోర్లా పడుకుని నా పెన్నుతో 'డకు గుడిస్తే డి, డకు గుడిస్తే డి' అని పాడుకుంటున్నావు. పెన్ను లాక్కుని వీపు మీద ఒకటి వేశాను. నిన్ను కొట్టడం అదే మొదలు, అదే ఆఖరు. ఏ పేజీ తెరిచి ఉందో చూడలేదు. మూసి పక్కన పెట్టేశాను.

ఆ గుడులు నువ్వు పెట్టినవి తల్లీ.

తర్వాత మండలాఫీసు నుంచి మనుషులొచ్చి పుస్తకాలు పట్టుకెళ్ళారు. ఇల్లూ వాకిలీ పోయినవాళ్ళకి వరి భూములివ్వాలని ఉత్తర్వు వచ్చింది. అక్కడి గుమాస్తాలు పుస్తకం చూసి జాబితా రాశారు. దారులు తెగిపోయి ఉన్నాయి, వెళ్ళి నేల చూసినవాడు లేడు. జనవరిలో సభ పెట్టి, జాబితా నా చేతికిచ్చి చదవమన్నారు. మొదటి సర్వే నంబరు చదవగానే ఏం జరిగిందో తెలిసిపోయింది. ఆపి చెప్పొచ్చు. ఎదురుగా జనం చేతులు చాపి కూర్చున్నారు. ముందు వరసలో చిట్టెమ్మ ఉంది. నేను ముప్ఫై ఒక్క పేర్లూ చదివాను. ఒక్కొక్కరి చేతిలో పట్టా నేనే పెట్టాను.

జాలిపడి ఊరుకున్నానని రాయాలని ఉంది. అది నిజం కాదు. సర్కారు పుస్తకం ఇంటికి తెచ్చి పసిపిల్ల చేతికి చిక్కనిచ్చానని తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. ముందు పుట్టింది భయం. జాలి నేను తర్వాత కలుపుకున్నది, ఏళ్ళ తరబడి.

నువ్వు ఈ మడల ఉద్యోగంలో చేరినరోజు చెప్పేద్దామనుకున్నాను. నువ్వు నాటిన ప్రతి మొక్కకీ ఫోటో తీసి పంపేదానివి, నేను బాగుంది అని జవాబిచ్చేవాణ్ణి. ఇంకేం చెప్పను?

ఇప్పుడు ఒక పని చెయ్యి. గుడులు నేనే పెట్టానని కాగితం రాసి పంపు, సంతకం చేస్తాను. పెన్షను ఆపితే ఆపుకోనీ. ఐదేళ్ళ పిల్ల పేరు ఏ రికార్డులోకీ ఎక్కకూడదు.

ఇట్లు,
మీ నాన్న భాస్కరం


పొన్నతిప్ప,
జూలై 7

నాన్నగారికి,

మీ ఉత్తరం అందినరోజు నేను నర్సరీలో ఉన్నాను. 'ఆ గుడులు నువ్వు పెట్టినవి' అన్నచోట ఆగిపోయాను. వెయ్యిసార్లు చదివినా అక్షరాలు మారలేదు. నారు సంచుల మధ్యే చతికిలబడ్డాను. ఎండ దెబ్బ తగిలిందనుకుని ఆడవాళ్ళు కొబ్బరినీళ్ళు పట్టుకొచ్చారు. తర్వాత కాగితం మీద 'మడి' అని రాసి చూసుకున్నాను. నా గుడి ఎడమకి ఒరుగుతుంది. ఫోనులో ఉన్న రికార్డు ఫోటో తీసి పక్కన పెట్టాను. అవీ ఎడమకే ఒరిగి ఉన్నాయి. మీ గుడి ఎప్పుడూ నిటారుగా ఉంటుంది. ఇది మొదటిరోజే చూడాల్సింది, కోపం చూడనివ్వలేదు. స్థలం మాట రాసినందుకు నన్ను క్షమించండి. మిగిలినదానికి మిమ్మల్ని నేను క్షమించానో లేదో నాకింకా తెలియదు.

మీ సంతకం నాకొద్దు. ఒక అబద్ధం కప్పడానికి ఇంకో అబద్ధం ఎందుకు? ఉన్నది ఉన్నట్టు రాసి మా ఆఫీసులో ఇచ్చాను. ఐదేళ్ళప్పుడు చేసిన పనికి ముప్ఫై మూడో ఏట సంజాయిషీ రాసిచ్చిన ఉద్యోగిని దేశంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. మేనేజరుగారు రెండుసార్లు చదివి, 'ఇది ఏ ఫైల్లో పెట్టాలమ్మా?' అన్నారు.

తర్వాత తుఫాను షెల్టరులో అందర్నీ కూర్చోబెట్టి నేనే చెప్పాను. అయిపోగానే పట్టాదారుల్లో ఒకడైన పల్లంరాజు లేచాడు. అతనివి ఇంకా రెండు చెరువులు నడుస్తున్నాయి.

"అంటే ఏంటండీ? ఇరవయ్యేడేళ్ళ తర్వాత వచ్చి, చంటిపిల్ల గీతలు గీసిందీ, మీ నేల మీది కాదూ అంటే మేం లేచెళ్ళిపోవాలా?" అని కుర్చీ తన్ని బయటికి నడిచాడు. అతని వెనక నాలుగు కుటుంబాలు లేచిపోయాయి. అతనిది తప్పని నేననలేను.

వీరదుర్గ అనే అమ్మాయి, తల్లి పోయాక పట్టా తన పేరున మార్చుకుంది, కూర్చున్నచోటినుంచే అంది: "అది మడి కాదని మాకు తెలీదా ఏంటండీ? పట్టా వచ్చిన యేడు మా అమ్మ నారు పట్టుకెళ్తే తొడల్లోతు దిగబడిపోయిందంట. ఆఫీసోళ్ళే ఇచ్చేరు కదా, మనకెందుకులే అని ఊరుకున్నారంతా."

విన్నారా నాన్నగారూ? మీరొక్కరే కాదు, ఊరంతా ఊరుకుంది. ఇన్నేళ్ళూ ఎవరికి వాళ్ళు తమకే తెలుసనుకున్నారు.

ఆ సాయంత్రమే ఇరవయ్యారు కుటుంబాలు అర్జీ పెట్టాయి. ఇది మడి కాదు, మడ. మడ అనే రాసుకోండి, కానీ అందులో పీత, చేప పట్టుకునే హక్కు మా సంఘం పేర రాసివ్వండి అని. ఇస్తారో లేదో తెలియదు. ఇంకా జవాబు రాలేదు. కాగితం వచ్చేదాకా ఆగుదామని నేనంటే చిట్టెమ్మగారు ఒప్పుకోలేదు. "అమావాస్య పోటు తప్పితే మళ్ళీ పున్నమి దాకా ఆగాలండీ. ఆయ్, కాగితానికి తొందరేముంది?" అంది. మొన్న శుక్రవారం పొద్దున్న పాడుపడ్డ చెరువు గట్టు మీద మొదటి పార ఆవిడే వేసింది. గంటలో నీళ్ళు లోపలికొచ్చాయి. ఆడవాళ్ళు చీరలు ఎగదోపుకుని, వచ్చే నీళ్ళకి ఎదురుగా నడిచారు. నేను గట్టు మీదే నిలబడిపోయాను.

పని అయ్యాక చిట్టెమ్మగారు కాళ్ళు కడుక్కుని నా పక్కన కూర్చుంది. తర్వాత అడిగింది.

"ఆ రోజు పట్టా నా చేతిలో పెడతా మీ నాన్నగారు ఏడ్చారమ్మా. కళ్ళమ్మట బొటబొటా కారిపోయాయి. మా ఆయన పేరు చదివేరు కదా, ఆయన కోసమే అనుకున్నాను. శవం కూడా దొరకని మనిషి. మావాళ్ళు తప్ప ఆయన కోసం ఏడ్చిన పరాయోడు ఈయనొక్కడే అని మా పిల్లలకి చెప్పుకున్నాను, మనవలకీ చెప్పుకున్నాను. మొన్న మీరు చెప్పినకాణ్ణించీ నాకు నిద్దర లేదు. ఆ ఏడుపు మా ఆయన కోసం కాదా అమ్మా?"

మీరు ఏడ్చారని మీ ఉత్తరంలో లేదు. పట్టా పోవచ్చని చెప్పినప్పుడు కూడా ఆవిడ ముఖం అలా అవలేదు నాన్నగారూ. నేల పోతే పోయిందన్న మనిషి, దీనికి మాత్రం నా చెయ్యి వదల్లేదు. నేను తల దించుకుంటే ఆవిడే అంది: "మీరేం చెప్తారులే. ఆయన్ని రమ్మనండి. ఇలాగే కూర్చుని, ఏదుంటే అది చెప్పమనండి. వింటాను."

వస్తారని చెప్పాను. మిమ్మల్ని అడక్కుండానే మాటిచ్చాను. బిళ్ళలు మర్చిపోకుండా తెచ్చుకోండి, నరసాపురం రేవు దగ్గర నేనుంటాను. ఆవిడకి ఏం చెప్పాలో మాత్రం నన్ను అడగకండి. అది నేనూ వినాలి.

మీ
హేమ